పార్కిన్సన్స్‌లో ఏ స్కాన్ ఏ ప్రశ్నకి జవాబు చెబుతుంది?

"ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. మరి కుడి చెయ్యి ఎందుకు వణుకుతోంది?" బరంపురంలో స్కాన్ తీయించుకుని ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి వైపు తిరిగొచ్చిన ఇళ్లలో తరచూ వినబడే ప్రశ్న ఇది. రిపోర్టేమో ఇంగ్లీషులో ఉంటుంది. డాక్టరు ఒడియాలోనో, వచ్చీరాని తెలుగులోనో రెండు ముక్కలు చెప్పి పంపేస్తాడు. చివరి లైనులో వయసుకు తగ్గ మార్పులు తప్ప విశేషం లేదని రాసి ఉంటుంది. అది చూసి కొందరు జబ్బే లేదనుకుని మాత్రలు మానేస్తారు. ఇంకొందరు ఆ మిషను మంచిది కాదేమోనని రైలెక్కి విశాఖలో ఇంకోసారి అదే ఎమ్మారై తీయిస్తారు. రెండూ తప్పే. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో చాలామందికి మామూలు ఎమ్మారై నార్మల్‌గానే వస్తుంది.

ఈ జబ్బులో దెబ్బతినేది మెదడు కాండం పైభాగంలో, మిడ్‌బ్రెయిన్‌లో ఉండే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే సన్నటి నల్లటి పట్టీ. అందులోని కణాలు తమ నరపు పోగుల్ని పైకి పంపి పుటామెన్ అనే భాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని వదులుతాయి. కదలిక మొదలుపెట్టడానికి, దాని వేగానికి, ఆపడానికి ఆ డోపమైన్ కావాలి. లక్షణాలు బయటపడే నాటికి పుటామెన్‌లో, ముఖ్యంగా దాని వెనక భాగంలో, సగానికి పైగా డోపమైన్ పోయి ఉంటుంది. కానీ మామూలు ఎమ్మారై చూపేది ఆకారం, వాపు, చచ్చిన భాగం, రక్తం కారిన చోటు. డోపమైన్ దానికి కనబడదు. పట్టీలో కణాలు తగ్గినా పట్టీ ఆకారం కంటికి తెలిసేంతగా మారదు.

అందుకే నిర్ధారణ ఇప్పటికీ పరీక్ష బల్ల దగ్గరే జరుగుతుంది. 2015లో అంతర్జాతీయ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ ఇచ్చిన ప్రమాణాల ప్రకారం కదలికల్లో మందగింపు తప్పనిసరిగా ఉండాలి. దానికి తోడు విశ్రాంతిలో వచ్చే వణుకైనా ఉండాలి, కండరాల బిగుతైనా ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు పదిసార్లు వేగంగా, వీలైనంత వెడల్పుగా తాటించమంటే మొదటి మూడు బాగా వచ్చి తర్వాత వెడల్పు తగ్గిపోతూ ఆగిపోతే, ఆ ఒక్క పరీక్ష చాలా స్కాన్ల కంటే ఎక్కువ చెబుతుంది. స్కాన్ అవసరం ఆ తర్వాత వచ్చేది, అదీ ఒక నిర్దిష్టమైన అనుమానం తీర్చడానికి. ఆ అనుమానం ఏమిటో తేలకుండా తీసిన బొమ్మకి డబ్బు ఖర్చు తప్ప జవాబు రాదు.

మామూలు ఎమ్మారై ఎందుకు తీస్తారు

పార్కిన్సన్స్‌ లాగే కనబడే వేరే జబ్బుల్ని పట్టుకోవడానికి. ఈ పనిలో దానికి సాటి లేదు. మన సరిహద్దు ప్రాంతంలో దీనికి ఇంకో కోణం కూడా ఉంది.

ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో చెప్పనక్కర్లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిని, పైగా షుగరు కూడా ఉన్న మనిషికి రక్తంలో ఆమ్లం పెరిగినప్పుడు రెండు వైపులా బేసల్ గాంగ్లియా (మెదడు లోతుల్లో కదలికని నడిపే కణాల గుంపులు, పుటామెన్ వాటిలో ఒకటి) వాచిపోయే ప్రమాదం ఉంది. మనిషి రోజుల్లో బిగుసుకుపోతాడు, మాట ముద్దగా వస్తుంది, ఒక్కోసారి చేతులు కాళ్లు వాటంతట అవే ఆడతాయి. ఎమ్మారైలో బేసల్ గాంగ్లియాలోని లెంటిఫార్మ్ న్యూక్లియస్ చుట్టూ తెల్లటి అంచు ఏర్పడి ఫోర్కు ఆకారంలో కనబడుతుంది. రేడియాలజిస్టులు దీన్ని లెంటిఫార్మ్ ఫోర్క్ సైన్ అంటారు. దీనికి వైద్యం డయాలసిస్, ఆమ్లాన్ని సరిచేయడం. చాలామందిలో బొమ్మా మెరుగవుతుంది, మనిషీ మెరుగవుతాడు. పార్కిన్సన్స్ నెలల మీద, ఏళ్ల మీద ముదిరే జబ్బు. సోమవారం మామూలుగా నడిచిన మనిషి శుక్రవారానికి కదల్లేకపోతే అది పార్కిన్సన్స్ నడక కాదు; ఆ రోజే ఆసుపత్రికి చేర్చి క్రియాటినిన్, షుగరు, రక్తపు ఆమ్లత చూడాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పార్కిన్సన్స్ అనుమానంతో తీసే ఎమ్మారైకి సాధారణంగా గడోలినియం అనే కాంట్రాస్టు మందు ఇంజక్షన్ అక్కర్లేదు. కిడ్నీ వడపోత రేటు 30 కంటే తక్కువున్నవాళ్లకి కొన్ని రకాల గడోలినియంతో చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే అరుదైన ముప్పు ఉంది. ఇప్పుడు ఎక్కువగా వాడే రకాలతో అది బాగా తక్కువే. అయినా ప్యాకేజీలో ఉంది కదా అని కాంట్రాస్టు ఎక్కించేస్తారు కొన్ని సెంటర్లలో. "కాంట్రాస్టు ఎందుకు?" అని అడగడంలో తప్పు లేదు.

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులున్నాయి. మాంగనీసు దుమ్ము, వెల్డింగు పొగ ఏళ్ల తరబడి పీల్చినవాళ్లలో పార్కిన్సన్స్‌ని పోలిన బిగుతు, వెనక్కి పడిపోయే నడక రావచ్చు. బొమ్మలో తేడా స్పష్టం: ఎమ్మారైలో టీ1 అనే రకం చిత్రంలో, పుటామెన్ పక్కనుండే గ్లోబస్ పాలిడస్ రెండు వైపులా తెల్లగా మెరుస్తుంది, పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపాకి మాత్రం పెద్దగా స్పందన ఉండదు. ఆ పని మానిన కొన్ని నెలలకి మెరుపు తగ్గిపోతుంది, కాబట్టి ఆలస్యంగా తీసిన స్కాన్ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన మాంగనీసు కాదనలేం. లివర్ సిరోసిస్‌లోనూ ఇదే మెరుపు వస్తుంది. అందుకని పని గురించి, లివర్ గురించి డాక్టరు అడక్కపోయినా చెప్పాలి.

ఇక పార్కిన్సన్స్ దాయాదులు. ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీలో, అంటే పీఎస్‌పీలో, మొదటి రెండు మూడేళ్లలోనే మనిషి వెల్లకిలా పడుతుంటాడు, కళ్లు కిందికి తిప్పలేడు, మెట్లు దిగడం కష్టమవుతుంది. ఇందులో మిడ్‌బ్రెయిన్ కుంచించుకుపోతుంది. తలని సరిగ్గా మధ్యలో నిలువుగా కోసినట్టు తీసే సాజిటల్ చిత్రంలో మిడ్‌బ్రెయిన్ వైశాల్యాన్ని, దాని కిందనున్న పాన్స్ వైశాల్యాన్ని కొలిచి భాగిస్తారు. ఆరోగ్యవంతుల్లో ఆ నిష్పత్తి సుమారు 0.24, పీఎస్‌పీలో 0.12 దరిదాపుల్లోకి పడిపోతుంది. మిడ్‌బ్రెయిన్ పైభాగం కుంగి హమ్మింగ్‌బర్డ్ పక్షి తలలా కనబడుతుందని రిపోర్టులో ఆ పేరే రాస్తారు. ఈ కొలతతో ఓ చిక్కుంది: కోత మధ్యగీత నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగినా లెక్క తప్పుతుంది. మెడ బిగుసుకున్న మనిషి తల నిటారుగా పెట్టలేడు. టెక్నీషియన్ కోతల్ని ఆ వంపుకి తగ్గట్టు సర్దకపోతే సగం మిడ్‌బ్రెయిన్ చిత్రంలోంచి తప్పించుకుంటుంది.

మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీలో లేవగానే బీపీ పడిపోతుంది, మూత్రం అదుపులో ఉండదు. పాన్స్‌లో తెల్లటి శిలువ గుర్తు, పుటామెన్ బయటి అంచున సన్నటి తెల్లగీత దీని ఆనవాళ్లు. ఇవి ఆలస్యంగా తేలతాయి, కనుక మొదట్లో లేకపోతే జబ్బు లేనట్టు కాదు. చేతులు బాగుండి నడక మాత్రమే దెబ్బతింటే చిన్న రక్తనాళాల పోట్లు (స్ట్రోకులు), మెదడులో నీరు చేరడం ఆలోచించాలి. ఈ రెంటినీ మామూలు ఎమ్మారై ఇట్టే పట్టిస్తుంది. 40 ఏళ్ల లోపు వాళ్లకి వణుకు మొదలైతే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకి రక్తం, మూత్రం, కళ్ల పరీక్ష తప్పదు, ఎందుకంటే దానికి మందుంది.

పట్టీని నేరుగా చూడాలంటే

నైగ్రా వెనక మూడోవంతులో నైగ్రోజోమ్-1 అనే కణాల గుంపు ఉంటుంది. 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంతపు బలానికి కొలత) మిషన్‌లో, ఇనుముని పట్టి చూపే ఎస్‌డబ్ల్యూఐ చిత్రంలో, అది చుట్టూ ఉన్న నలుపు మధ్య తెల్లటి సన్నగీతలా కనబడుతుంది. మొత్తం ఆకారం రెండుగా చీలిన పిట్టతోకలా ఉంటుందని స్వాలో టెయిల్ సైన్ అన్నారు. పార్కిన్సన్స్‌లో ఆ తెల్లగీత మాయమై అంతా ఒకే నలుపవుతుంది.

వినడానికి తేలిగ్గానే ఉంది. చిక్కంతా తీయడంలోనే. నైగ్రోజోమ్ మందం కొద్ది మిల్లీమీటర్లే. మామూలు ప్రోటోకాల్‌లో స్లైసు మందం అంతకంత ఉంటే ఆరోగ్యవంతుడికి కూడా తోక కనబడదు. ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో సన్నటి స్లైసులు కావాలి, అవి మిడ్‌బ్రెయిన్‌కి సరైన వాటంలో ఉండాలి. ఎస్‌డబ్ల్యూఐ తీసే ఐదారు నిమిషాల్లో దవడ వణికినా, తల అదిరినా గీత చెదిరిపోతుంది. 1.5 టెస్లా మిషన్‌లో దీన్ని నమ్ముకోలేం. పైగా తోక పోయిందంటే నైగ్రా దెబ్బతిన్నదని మాత్రమే అర్థం. పీఎస్‌పీలోనూ, మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీలోనూ పోతుంది. ఏ జబ్బో అది చెప్పదు.

నైగ్రాకి నలుపునిచ్చే న్యూరోమెలనిన్‌ని తెల్లగా చూపే ప్రత్యేక టీ1 పద్ధతి జపాన్ నుంచి 2006లో వచ్చింది. కణాలు పోయేకొద్దీ ఆ తెలుపు తరుగుతుంది. కణాల మధ్య చేరే నీటిని లెక్కగట్టే ఫ్రీ వాటర్ కొలత ఇంకోటి. నైగ్రా వెనక భాగంలో అది ఏటేటా పెరుగుతుందని తేలింది కాబట్టి కొత్త మందుల ప్రయోగాల్లో దానికి గిరాకీ. మన జిల్లాల రోగికి ఈ రెండూ ఇప్పటికైతే పరిశోధన సరుకే. ఎవరైనా ప్యాకేజీలో అమ్మజూపితే కొనాల్సిన పని లేదు.

డోపమైన్ స్కాన్

డోపమైన్ నరపు కొసల మీద డోపమైన్‌ని తిరిగి లోపలికి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్లుంటాయి. వాటికి అతుక్కునే రేడియో మందు ఎక్కించి దాని కిరణాల్ని పట్టే స్పెక్ట్ కెమెరాతో చూస్తే ఎన్ని కొసలు మిగిలాయో తెలుస్తుంది. అమెరికాలో 2011లో అనుమతి పొందిన డాట్‌స్కాన్ మందు అయోడిన్-123తో తయారవుతుంది, దానికి సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రం కావాలి. మన దేశంలో ఎక్కువగా చేసేది టెక్నీషియం-99ఎంతో చేసే ట్రోడాట్. టెక్నీషియం ఆసుపత్రిలోని జనరేటరు నుంచే దొరుకుతుంది, అర్ధాయువు 6 గంటలు, ఖర్చూ తక్కువ. ఫ్లోరిన్-18తో చేసే ఎఫ్-డోపా పెట్ స్కాన్‌లో బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది, కానీ ఆ మందు అర్ధాయువు 110 నిమిషాలే కాబట్టి తయారయ్యే చోటికి దగ్గర్లోనే సాధ్యం.

ఆరోగ్యవంతుల్లో రెండు వైపులా కామా ఆకారం మెరుస్తుంది: తల కాడేట్, తోక పుటామెన్. పార్కిన్సన్స్‌లో ముందు తోక చివర మలిగిపోయి కామా కాస్తా చుక్కవుతుంది, అదీ ఒక వైపు ఎక్కువగా. కుడి చెయ్యి మందగించినవాళ్లకి ఎడమ పుటామెన్ ఎక్కువ మసకబారుతుంది. బొమ్మకీ మనిషికీ ఈ ఎదురు వైపు లెక్క కుదరకపోతే రిపోర్టుని ఓసారి అనుమానించాలి: తల పక్కకి వాలి ఉండగా స్కాన్ చేస్తే ఒక పుటామెన్ పైస్లైసులోకీ, రెండోది కిందిస్లైసులోకీ పోయి లేని తేడా పుడుతుంది.

ఈ స్కాన్ తేల్చే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. మొదటిది, ఈ వణుకు పార్కిన్సన్స్‌దా, గ్లాసు పట్టుకున్నప్పుడు, సంతకం పెట్టేటప్పుడు వచ్చే ఎసెన్షియల్ ట్రెమరా? ఎసెన్షియల్ ట్రెమర్‌లో స్కాన్ నార్మల్. రెండోది, ఈ బిగుతు మందుల వల్ల వచ్చిందా? మన ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. గ్యాస్ మాత్రల్లో కలిపి వచ్చే లెవోసల్‌పిరైడ్, తల తిరుగుడుకి నెలల తరబడి మింగే సిన్నరిజిన్, మైగ్రేన్‌కిచ్చే ఫ్లునారిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక జబ్బుల మందులు డోపమైన్ పనిని అడ్డుకుని అచ్చం పార్కిన్సన్స్‌లా చేస్తాయి. నరపు కొసలు మాత్రం చెక్కుచెదరవు, కాబట్టి స్కాన్ నార్మల్‌గా వస్తుంది. అయితే స్కాన్‌కి పరుగెత్తే ముందు ఇంట్లో మాత్రల సంచీ బోర్లించి చూడడం నయం. కారణమైన మాత్రని డాక్టరు సలహాతో ఆపితే వారాల్లో, ఒక్కోసారి ఆరేడు నెలల్లో తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు స్కాన్.

పార్కిన్సన్స్‌ని పీఎస్‌పీ నుంచో, మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ నుంచో విడదీయడం ఈ స్కాన్ వల్ల కాదు. మూడింటిలోనూ అసాధారణంగానే వస్తుంది.

ట్రోడాట్‌కి విశాఖో భువనేశ్వరో పోవాలనుకుంటే ముందు ఫోన్ చేయాలి. రేడియో మందుని ఏ రోజు పడితే ఆ రోజు తయారు చేయరు. ఇంజక్షన్ తర్వాత 3, 4 గంటలు ఆగి స్కాన్ చేస్తారు, బల్ల మీద అరగంట పైనే పడుకోవాలి. లెవోడోపా మాత్రలు ఆపనక్కర్లేదు. మిథైల్‌ఫెనిడేట్, బ్యుప్రోపియాన్ లాంటివి లెక్కని తారుమారు చేస్తాయి కాబట్టి వాడుతుంటే ముందే చెప్పాలి. ఎఫ్-డోపా పెట్‌కి పద్ధతి వేరు: లెవోడోపాని ముందు రాత్రి నుంచే ఆపమంటారు, ఎంతసేపో ఆ సెంటరు వాళ్లనే అడగాలి.

ఒక్కో ఇబ్బందికి ఒక్కో ఆనవాలు

అన్ని కదలిక ఇబ్బందులూ ఒకే చోటి నుంచి పుట్టవు. పుటామెన్ ఎంత మసకగా ఉంటే మందగింపు, బిగుతు అంత ఎక్కువని స్కాన్లన్నీ ఒప్పుకుంటాయి. వణుక్కి ఆ లెక్క నడవదు. బొమ్మలో బాగా దెబ్బతిన్న మనిషికి వణుకే ఉండకపోవచ్చు, కాస్త దెబ్బతిన్నవాడి చెయ్యి ఆగకుండా ఊగవచ్చు.

దీన్ని నెదర్లాండ్స్‌లోని నైమెగెన్ పరిశోధకులు 2011లో విడమరిచారు. రోగుల చేతికి కండరాల విద్యుత్తుని నమోదు చేసే ఈఎంజీ పెట్టి, అదే సమయంలో మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్‌ఎమ్మారై తీశారు. వణుకు మొదలయ్యే క్షణంలో, ఆగే క్షణంలో బేసల్ గాంగ్లియా స్పందించింది. వణుకు ఎంత జోరుగా ఉందన్నది మాత్రం సెరెబెల్లమ్ (చిన్నమెదడు), థాలమస్ (మెదడు మధ్యలో సంకేతాల కూడలి), మోటార్ కార్టెక్స్ (మెదడు పైపొరలో కదలికల భాగం) కలిసిన వేరే వలయంతో ముడిపడి ఉంది. ఫ్యాను స్విచ్చి ఒక చోట, రెగ్యులేటరు ఇంకో చోట ఉన్నట్టన్నమాట. థాలమస్‌లో ఎలక్ట్రోడు పెడితే వణుకు ఆగి, మందగింపు అలాగే మిగిలిపోవడం ఎందుకో దీంతో అర్థమవుతుంది. మాత్రలకి బిగుతు తగ్గి వణుకు తగ్గనివాళ్లు మందు పనిచేయలేదని మానేయకూడదు.

గుమ్మం దగ్గర, మలుపు దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోవడం మరో కథ. నడుస్తున్న మనిషిని ఎమ్మారైలో పెట్టలేం. అందుకని పడుకోబెట్టి నడుస్తున్నట్టు ఊహించుకోమంటారు, లేదా తెర మీద దారి చూపించి కాళ్లతో పెడలు తొక్కమంటారు. అలా చూస్తే ఫ్రీజింగ్ ఉన్నవాళ్లలో కార్టెక్స్‌లోని సప్లిమెంటరీ మోటార్ ప్రాంతం మందకొడిగా, మెదడు కాండంలోని నడక కేంద్రం అతిగా పనిచేస్తూ కనబడ్డాయి. తరచూ పడిపోయేవాళ్లలో పెట్ స్కాన్లు ఇంకో లోటు చూపాయి: మెదడు కాండం నుంచి థాలమస్‌కి వెళ్లే అసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం తగ్గుదల. ఇది డోపమైన్ లోటు కాదు. లెవోడోపా మోతాదు పెంచుతూ పోయినా పడిపోవడం ఆగకపోవడానికి ఇదో కారణం. దీనికి బీపీ, షుగర్లతో వచ్చే తెల్లమచ్చలు ఎమ్మారైలో తోడైతే నడక ఇంకా దిగజారుతుంది. ఈ ఇబ్బందికి ఫిజియోథెరపీ, నేల మీద అడ్డగీతలు గీసి దాటించడం, బీపీ అదుపు కలిసిరావాలి.

మాత్ర వేసుకున్న గంటకి ఒళ్లు మెలికలు తిరిగే డిస్కినీసియా మూడోది. నరపు కొసలు తగ్గిపోయిన పుటామెన్‌లో డోపమైన్‌ని దాచుకునే చోటు ఉండదు. డోపమైన్ ఎంత వెలువడుతోందో తెలిపే రాక్లోప్రైడ్ పెట్ స్కాన్లలో ఇది నేరుగా కనబడింది: మందుకి ఎగుడుదిగుళ్లు వచ్చే రకం రోగుల్లో గంటకే డోపమైన్ ఒక్కసారి ఎగిసి నాలుగో గంటకి పడిపోయింది, నిలకడగా ఉన్నవాళ్లలో చదునుగా సాగింది. మోతాదుని చిన్న చిన్న భాగాలు చేసి దగ్గర దగ్గరగా ఇవ్వడం వెనకున్న తర్కం ఇదే.

మళ్లీ మళ్లీ తీయించడం

ఏడాదికోసారి డోపమైన్ స్కాన్ తీసి మందు పనిచేస్తోందో లేదో చూద్దామనే ఆలోచనకి 2004లో ప్రచురితమైన ఎల్‌డోపా ట్రయలే జవాబు. 361 మందికి 40 వారాల పాటు మూడు మోతాదుల లెవోడోపానో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చారు. లెవోడోపా తీసుకున్నవాళ్లు స్పష్టంగా మెరుగ్గా కదిలారు. స్కాన్ చేయించుకున్నవాళ్లలో మాత్రం లెవోడోపా వైపే సంకేతం ఎక్కువ తగ్గింది. మనిషి ఒకవైపు, బొమ్మ ఒకవైపు. మందు నరాల్ని చంపుతోందని అప్పట్లో భయపడ్డారు. 2019లో వచ్చిన 445 మంది ట్రయల్‌లో ముందుగా మొదలుపెట్టినవాళ్లకి, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకి తేడా తేలలేదు: హాని లేదు, జబ్బు ఆగిందనీ లేదు. కాబట్టి స్కాన్‌లో మరింత మసకైందని మాత్రలు తగ్గించుకోవడం అర్థం లేని పని. వైద్యం ఎలా సాగుతోందో చొక్కా బొత్తాలు పెట్టుకోవడంలో, రాతలో, మలుపు తిరగడంలో చూడాలి.

స్కాన్ చీటీ మీద ఉత్త "ఎమ్మారై బ్రెయిన్" అని ఉంటే రేడియాలజిస్టు పోట్లు, గడ్డలు వెతికి వదిలేస్తాడు. "పార్కిన్సనిజం, ఎడమ వైపు ఎక్కువ, రెండేళ్లుగా; మిడ్‌బ్రెయిన్-పాన్స్ కొలత, పుటామెన్, వీలుంటే సన్నటి ఎస్‌డబ్ల్యూఐలో నైగ్రోజోమ్ చూడగలరు" అని రాయించుకుంటే అదే మిషన్ నుంచి మూడింతల సమాచారం వస్తుంది. ఎమ్మారై రోజు మాత్రలు మామూలు వేళకే వేసుకోవాలి. బిగుసుకుపోయిన మనిషి అరగంట కదలకుండా పడుకోలేడు. పేస్‌మేకర్ ఉన్నా, మెదడులో ఎలక్ట్రోడు పెట్టే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ పరికరం ఉన్నా దాని కార్డు చూపించకుండా ఎమ్మారై గదిలోకి అడుగు పెట్టకూడదు. ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోవాలి. ఫిల్ము మీద స్లైసులు ఏరి అచ్చువేస్తారు, కొలతలు తీయడానికి అది పనికిరాదు. సీడీ ఉంటే విశాఖలో న్యూరాలజిస్టు అదే చిత్రంలో మధ్యగీత వెతుక్కుని కొలుచుకుంటాడు, రెండో ఎమ్మారై ఖర్చు తప్పుతుంది.